ఎరుపు కనబడని లోతుల్లో

అండమాన్ వెళ్లివచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక వీడియో తప్పకుండా ఉంటోంది. కళ్లకూ ముక్కుకూ మాస్కు, నోట్లో గాలి గొట్టం, వీపున సిలిండరు, చుట్టూ చేపలు. కొత్తగా పెళ్లయిన జంటలు, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన తల్లిదండ్రులు, మొదటి జీతాలు కూడబెట్టుకుని వెళ్లిన కుర్రాళ్లు, అందరూ సంబరంగా చూపిస్తారు. చూపిస్తూనే దాదాపు అందరూ అనే మాట ఒకటుంది: "అక్కడ ఎన్ని రంగులు చూశామో అండీ! ఇందులో మాత్రం అంతా నీలంగా పడింది."

ఇందులో తీసినవాళ్ల తప్పేమీ లేదు. నీటి స్వభావమే అంత. ఎండలో ఉన్న రంగుల్ని సముద్రం ఒక్కొక్కటిగా మింగేస్తుంది. ముందు పోయేది ఎరుపు. 5 మీటర్ల లోతుకు వెళ్లేసరికే అది చాలావరకు మాయమవుతుంది. 10 మీటర్ల దగ్గర నారింజ వంతు. ఇంకా దిగితే పసుపు. చివరికి మిగిలేవి ఆకుపచ్చ, నీలం. ఎర్ర బనియను వేసుకుని 20 మీటర్లకు దిగితే అది బూడిద రంగులోకి తిరిగిపోతుంది. వేలికి గాటు పడితే కారే రక్తం కూడా అక్కడ నల్లటి ఆకుపచ్చగా కనబడుతుంది. మన కన్ను, దాని వెనకున్న మెదడు ఈ లోటును కొంత సర్దుకుంటాయి. పగడం ఎర్రగా ఉండాలని మెదడుకు తెలుసు కాబట్టి కాస్త ఎరుపు అద్దుకుని చూస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. వచ్చిన వెలుగే పట్టుకుంటుంది.

ఇలా సిలిండరుతో దిగే స్కూబా డైవింగ్ వీడియో కోసం యాక్షన్ కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందుగా మనసులో పెట్టుకోవాల్సిన సంగతి ఇదే. దుకాణంలో మనకు చెప్పేవి 4కె, 5.3కె, 8కె అనే అంకెలు. నీళ్లలో అవి చివరి లెక్క. వెలుగు, దూరం, చేతి నిలకడ, ఈ మూడే అక్కడ బొమ్మను నిలబెడతాయి. ఉన్న డబ్బంతా కెమెరా మీదే పెట్టి మిగతావాటికి చెయ్యి ఖాళీ చేసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. కిందటేడాది వచ్చిన మోడల్, లేదా జాగ్రత్తగా వాడుకున్న స్నేహితుడి దగ్గర దొరికే రెండేళ్ల కిందటి మోడల్ తీసుకుని, మిగిలిన సొమ్ము లైటుకీ పట్టుకునే సాధనానికీ పెట్టినవాళ్ల వీడియోలే బాగుంటాయి.

ఈ కెమెరాలు పుట్టింది లోతు నీళ్ల కోసం కాదు. నిక్ వుడ్‌మన్ అనే అమెరికన్ 2002లో గోప్రో కంపెనీ పెట్టింది అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు తమ ఫొటోలు తామే తీసుకోవడానికి. 2004లో వచ్చిన మొదటి హీరో కెమెరా మణికట్టుకు కట్టుకునే మామూలు ఫిల్మ్ కెమెరా. డిజిటల్ వచ్చాక కూడా చాలాకాలం వాటి పెట్టెల ముందుభాగం గుండ్రంగా ఉబ్బి ఉండేది. ఒడ్డున తీస్తే చక్కగా పడేది, నీళ్లలో ముంచితే మసకబారేది. డైవర్లు మొత్తుకోగా మొత్తుకోగా చదునైన అద్దంతో పెట్టెలు వచ్చాయి. ఇప్పటికీ ఎక్కడైనా పాత సామాను చవగ్గా దొరికితే ముందు ఆ అద్దం చూడండి.

ఇక లోతు మాట. ఇప్పుడొస్తున్న గోప్రో హీరో కెమెరాలు చాలావరకు ఏ పెట్టే లేకుండా 10 మీటర్ల వరకు నీటిని ఆపుతాయి. డీజేఐ వాళ్ల ఓస్మో యాక్షన్ 4 అయితే 18 మీటర్లు, 5 ప్రో 20 మీటర్లు. ఇన్‌స్టా360 ఏస్ ప్రో 2 అయితే 12. ఈ అంకెలు చూసి "మనం దిగేది పన్నెండే కదా, సరిపోతుంది" అనుకునేవాళ్లున్నారు. ఆ అంకె నమ్మి కెమెరాను వట్టిగా దింపకండి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 30 దగ్గర నాలుగు. అంత ఒత్తిడిని కెమెరా బ్యాటరీ తలుపు చుట్టూ ఉన్న సన్నని రబ్బరు అంచు ఆపాలి. ఆ అంచు మీద ఇసుక రేణువు ఒకటి ఉంటే చాలు. పైగా డైవర్ చెప్పిన లోతు దగ్గరే ఆగుతాడని ఏముంది? ఓపెన్ వాటర్ అనే తొలి శిక్షణ పూర్తయినవాళ్లు 18 మీటర్ల వరకు దిగవచ్చు, ఆపై అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30. హావ్‌లాక్ దగ్గర, అంటే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్న చోట, డిక్సన్స్ పినకిల్ లాంటి నీటి అడుగు దిబ్బల మీదకు వెళ్లేది ఆ కోర్సు చేసినవాళ్లే. అందుకని డైవింగ్ హౌసింగ్ అనే ఆ పారదర్శకమైన పెట్టె తప్పనిసరి. ఈ కంపెనీల పెట్టెలు చాలావరకు 60 మీటర్లకు తయారైనవి. సరదా డైవింగ్‌కు గరిష్ఠ హద్దు 40 మీటర్లే కాబట్టి మనకు బోలెడు మిగులు. గోప్రో 9 నుంచి 12 దాకా ఒకే పెట్టె సరిపోతుంది. పాత మోడల్ కొనడంలో అదొక లాభం.

పెట్టె మూయడం గురించి కొంచెం నెమ్మదిగా చెబుతాను. నీళ్లలో పాడైన కెమెరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే పాడవుతాయి. పెట్టె తలుపు లోపలి అంచు వెంట ఒక రబ్బరు తాడు ఉంటుంది. ఓ-రింగ్ అంటారు. దాన్ని వెలుతురు వైపు తిప్పి, వేలి కొనతో చుట్టూ ఒక్కసారి నిమరండి. తగిలేది తల వెంట్రుక కావచ్చు, తువ్వాలు నూలుపోగు కావచ్చు, ఎండిన ఉప్పు పలుకు కావచ్చు. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. వెంట్రుక ఒకటి అడ్డంగా పడితే అది దారి అవుతుంది. పైన రెండు మీటర్ల దగ్గర చుక్క చుక్కగా వచ్చే నీరు, లోతుకు పోయేకొద్దీ సన్నని ధారగా మారుతుంది. ఓ-రింగ్‌కు గ్రీజు రాయాలా వద్దా అన్నది ఆ పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం చూసి నిర్ణయించుకోండి. సిలికాన్ రబ్బరుకు సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది, అప్పుడు మేలు బదులు కీడే. కొత్త పెట్టె కొన్నాక మొదటిసారి కెమెరా లేకుండా దించండి. లోపల ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టి మూయండి. పైకి వచ్చాక కాగితం పొడిగా ఉంటేనే రెండోసారి కెమెరా పెట్టాలి.

నీరు రాకపోయినా లోపల ఆవిరి పడుతుంది. పడవ మీద ఉక్కగా ఉన్న గాలి పెట్టెలో ఇరుక్కుంటుంది. కెమెరా వేడెక్కుతుంది, బయట నీరు చల్లగా ఉంటుంది, అద్దం లోపలివైపు మంచు పేరుకుంటుంది. సరిగ్గా తాబేలు ఎదురైనప్పుడే ఇది జరుగుతుంది. రాత్రే హోటల్ గదిలో ఏసీ నడుస్తున్నప్పుడు పెట్టె మూసేస్తే లోపలి గాలి పొడిగా ఉంటుంది. తేమ పీల్చే సన్నని పట్టీలు అమ్ముతారు, ఒకటి రెండు లోపల దూర్చండి. పడవ మీద, తడి చేతులతో, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా పెట్టె తెరిచి బ్యాటరీ మార్చడం మాత్రం వద్దు. తప్పదంటే చేతులూ తలా తుడుచుకుని, పెట్టె తలుపు కిందివైపుకు ఉండేలా పట్టుకుని తెరవండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పోయిన ఎరుపును ఎలా తెచ్చుకోవాలి?

దారులు రెండు. ఒకటి ఫిల్టరు, రెండోది లైటు. ఫిల్టరు అంటే పెట్టె ముందు బిగించే ఎర్ర అద్దం. ఎరుపును అది పుట్టించదు, నీలాన్ని కొంత అడ్డుకుని, మిగిలి ఉన్న కాస్త ఎరుపు పైకి తేలేలా చేస్తుంది. ఎండ బాగా ఉండి, నీరు నీలంగా తేటగా ఉండి, 5 నుంచి 20 మీటర్ల లోపు ఉంటే పనిచేస్తుంది. అంతకంటే లోతులో అడ్డుకోవడానికి తప్ప పైకి తేవడానికి ఏమీ మిగలదు, బొమ్మ చీకటైపోతుంది. పైకి వచ్చాక తీయడం మరిచిపోతే పడవ, మనుషులు, ఆకాశం అంతా ఎర్రబారిపోతుంది. మన తూర్పు తీరంలో, విశాఖ రుషికొండ దగ్గర దిగేవాళ్లకు ఇంకో సంగతి. అక్కడి నీరు అండమాన్ నీరులా నీలం కాదు, పచ్చన. నదులు తెచ్చే మట్టి, నీళ్లలో పెరిగే సూక్ష్మమైన నాచు దానికి కారణం. పచ్చని నీళ్లకు ఎర్ర ఫిల్టరు పనికిరాదు, ఊదా కలిసిన గులాబీ రంగుది కావాలి. మెజెంటా ఫిల్టరు అని అడగండి.

నా ఓటు మాత్రం లైటుకే. మనతో పాటు తీసుకెళ్లిన తెల్లని వెలుగులో ఎరుపు చెక్కుచెదరకుండా ఉంటుంది. దిబ్బ పక్కన ఎనిమోన్ ఒకటి ఉందనుకోండి. మెత్తటి వేళ్లన్నీ ఊపుతూ ఉండే ఆ ప్రాణి మధ్యలో నీమో చేపలు దాక్కుంటాయి. లైటు లేకుండా చూస్తే చేప ఒంటి చారలు తెల్లగా, మిగతాదంతా మట్టిరంగుగా ఉంటుంది. లైటు వేయగానే ఆ ఒళ్లు నారింజ రంగులో మండిపోతుంది. ఎనిమోన్ అడుగుభాగం, అప్పటిదాకా బూడిదగా ఉన్నది, కొన్నిటిలో ముదురు ఊదాగా, కొన్నిటిలో ఎర్రగా బయటపడుతుంది. అది చూసిన తర్వాత లైటు లేకుండా దిగబుద్ధి కాదు.

అయితే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. లైటు వెలుగు చేప దాకా వెళ్లి, మళ్లీ కెమెరా దాకా రావాలి. చేప మీటరు దూరంలో ఉంటే వెలుగు దాటాల్సిన నీరు రెండు మీటర్లు. మూడు మీటర్ల దూరంలో ఉంటే ఆరు, ఆ దారిలోనే ఎరుపు సగానికి పైగా పోతుంది. అందుకే ఎంత ఖరీదైన లైటైనా దగ్గరి వస్తువులకే రంగు తెస్తుంది. దూరంగా వెళ్తున్న చేపల గుంపుకు లైటు వేసి లాభం లేదు. అక్కడ ఎండే దిక్కు. నీటి తీరు ఇంకొకటి కూడా ఉంది. చదునైన అద్దం లోంచి చూస్తే నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనబడతాయి. కాబట్టి దగ్గరికే వచ్చామనుకుని ఆగిపోతాం. ఇంకో రెండు బారలు ముందుకు వెళ్లండి. దగ్గరికి వెళ్లినకొద్దీ మధ్యలో నీరు తగ్గుతుంది, రంగు పెరుగుతుంది.

అలాగని మరీ మీదకు వెళ్లినా చిక్కే. ఈ కెమెరాలకు ఫోకస్ తిప్పే ఏర్పాటు సాధారణంగా ఉండదు. సుమారు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే బొమ్మ చెదురుతుంది. చిటికెన వేలి గోరంత ఉండే రంగురంగుల సముద్రపు నత్తలు, న్యూడిబ్రాంక్‌లు తీయాలంటే పెట్టె ముందు బిగించే మాక్రో లెన్స్ విడిగా కొనుక్కోవాలి. మొదటి ఏడాది అది అక్కర్లేదు.

లైటు కొనేటప్పుడు రెండు చూడండి. వెలుగు పరుచుకునే కోణం 120 డిగ్రీల దాకా ఉండాలి. సన్నని కిరణం వేసే టార్చిలైటు వీడియోకు కాదు, తెర మధ్య ఒక తెల్లని చక్రం పడుతుంది, చుట్టూ చీకటి. వెలుగు బలం ల్యూమెన్లలో చెబుతారు. నిజంగా 2000, 2500 ల్యూమెన్లు ఇచ్చే లైటు మీటరు దూరానికి సరిపోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే వాటి మీద రాసిన పదివేల అంకెలు నమ్మకండి. డైవింగ్ సామాన్లు అమ్మే దుకాణంలో అడిగి, వెలిగించి చూసి కొనండి. లైటు వెలిగించినప్పుడు ఫిల్టరు తీసేయాలి. రెండూ కలిస్తే ముఖాలు ఎర్రగా కమిలినట్టు పడతాయి.

ఆ లైటును కెమెరా నెత్తిన పెట్టకూడదు. పొగమంచు పట్టిన తెల్లవారుజామున అరకు ఘాట్ రోడ్డులో హెడ్‌లైట్లు పెద్దవి వేస్తే ఎదుట తెల్లని గోడ తప్ప ఏమీ కనబడదు కదా, ఇక్కడా అదే జరుగుతుంది. నీళ్లలో తేలే రేణువులన్నీ లెన్స్ ముందే వెలిగి, బొమ్మ నిండా తెల్లని చుక్కలు కురుస్తాయి. విశాఖ నీళ్లలో మరీను. లైట్లు కెమెరాకు రెండు పక్కలా, చేతనైనంత దూరంగా, కాస్త బయటివైపుకు తిప్పి ఉండాలి. అందుకే ట్రే కావాలి. ట్రే అంటే అడుగున ఒక పట్టీ, రెండు చివర్లా రెండు పిడులు, పిడుల మీద లైట్లు అమర్చుకునే చిన్న చేతులు. ఒక లైటుకే డబ్బుంటే ఒక పక్కన పెట్టండి, రెండోది తర్వాత.

ట్రే ఇచ్చే మేలు లైటుతో అయిపోదు. రెండు చేతులతో పట్టుకున్న కెమెరా కదలదు. సెల్ఫీ కర్ర చివర ఉన్న కెమెరా నీటి ఒరవడికి ఊగుతూనే ఉంటుంది, లోపలి స్టెబిలైజేషన్ దాన్ని కొంతవరకే సరిదిద్దగలదు. నీటిమీద తేలే నారింజ రంగు పిడి కూడా తెచ్చుకుంటారు చాలామంది. పైపైన ఈదేవాళ్లకు అది మంచిది, జారినా తేలుతుంది. సిలిండరుతో దిగేవాళ్లకు మాత్రం డైవ్ అంతా చెయ్యి పైకి గుంజుతూనే ఉంటుంది. చెయ్యి వదిలితే కెమెరా పైకి పోకూడదు, రాయిలా కిందికీ పోకూడదు. ఆ తూకం కుదిరే దాకా ట్రేకు చిన్న ఫోమ్ ముక్కలు కట్టుకుంటారు. ఇంకా సాగే చుట్టల తాడు ఒకటి, గట్టి కొక్కెంతో, ఒంటి మీది జాకెట్టు రింగుకు తగిలించండి. ఏదైనా అవసరం వస్తే రెండు చేతులూ ఒక్క క్షణంలో ఖాళీ కావాలి.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. వీడియో కదలకూడదని, బుడగల చప్పుడు పడకూడదని ఊపిరి బిగబట్టేవాళ్లను చూస్తుంటాం. స్కూబాలో నేర్పే మొదటి పాఠమే ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. అది బయటికి పోయే దారి మూసి ఉంటే ఊపిరితిత్తి చిరుగుతుంది. తెర మీద కళ్లు పెట్టినవాళ్లకు తాము పైకి తేలుతున్న సంగతే తెలియదు. గాలి ఎంత మిగిలిందో చూసుకోవడం మరుపుకొస్తుంది, తోటి డైవర్ ఎటు వెళ్లాడో తెలియదు. అందుకని మొట్టమొదటి డైవ్‌కు, శిక్షకుడు పట్టుకుని తిప్పే ఆ పరిచయపు డైవ్‌కు, కెమెరా తీసుకెళ్లవద్దు. చాలా చోట్ల శిక్షకులే వీడియో తీసి ఇస్తారు. కోర్సు పూర్తి చేసి, కాళ్లు చేతులు ఆడించకుండా ఒకే లోతులో నిలకడగా ఉండటం అలవాటయ్యాక కెమెరా పట్టుకోండి.

ఆ నిలకడ లేనివాళ్లు ఏం చేస్తారంటే, ఆసరాకు పగడాన్ని పట్టుకుంటారు, లేదా కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్ దాని మీద ఆనిస్తారు. వేళ్ల కింద నలిగేది రాయి కాదు, బతికున్న జీవుల కాలనీ. ఏడాదికి అంగుళం కూడా పెరగనివి చాలా ఉన్నాయి. మన దేశంలో గట్టి పగడాలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికున్నంత రక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కను సంచిలో వేసుకున్నా నేరమే.

సెట్టింగుల మాట త్వరగా చెప్పేస్తాను. టచ్ తెర నీళ్లలో పనిచేయదు, అన్నీ ఒడ్డునే పెట్టుకోవాలి. 4కె చాలు. సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుంటే తర్వాత వేగం సగానికి తగ్గించుకోవచ్చు, చేప ఈత అందంగా ఉంటుంది. లోతుల్లో, మబ్బు రోజుల్లో 30కి దిగండి, కెమెరాకు వెలుగు ఎక్కువ అందుతుంది. చిన్న సెన్సరున్న కెమెరా చీకట్లో బొమ్మను గరుకు చేస్తుంది. రెండు కెమెరాల మధ్య తేల్చుకోలేకపోతే సెన్సరు పెద్దదాన్నే ఎంచుకోండి. 360 డిగ్రీల కెమెరాలకు వాటికంటూ ప్రత్యేకంగా చేసిన డైవింగ్ పెట్టె లేకపోతే నీళ్లలో రెండు బొమ్మల అతుకు కనబడుతుంది, మొదటి కెమెరాగా అది వద్దు. కార్డు మీద వి30 అని గుర్తు ఉండాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకు 45 జీబీ నిండుతుంది. రోజుకు రెండు డైవ్‌లంటే 128 జీబీ కార్డు సరిపోతుంది.

విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. లైట్ల బ్యాటరీలు బయటికి తీసి, కొనలకు టేపు అంటించి పట్టుకెళ్లండి. సంచిలో పొరపాటున లైటు వెలిగితే ఎంత వేడెక్కుతుందో దాన్ని గాలిలో వెలిగించి చూసినవాళ్లకు తెలుసు.

డైవ్ అయ్యాక చేయాల్సిన పని కూడా కెమెరా ధరలో భాగమే అనుకోండి. పైకి రాగానే పెట్టెను మంచినీళ్ల బకెట్లో ముంచండి. అలాగే పదిహేను, ఇరవై నిమిషాలు నానాలి. ఆ నీళ్లలోనే ఒక్కో బటన్ పదిసార్లు నొక్కండి, స్ప్రింగుల్లో దాక్కున్న ఉప్పు అప్పుడే కరుగుతుంది. పడవలో అందరి సామాన్లూ ఒకే బకెట్లో పడేస్తే లెన్స్ అద్దాలు గీసుకుపోతాయి, మీదాన్ని విడిగా ఉంచమని అడగండి. ఎండలో కాకుండా నీడన ఆరబెట్టి, పెట్టె బయట పూర్తిగా పొడిబారాకే తెరవండి. కెమెరా తీసి, చార్జింగ్ మూత కింద తడి లేదని చూసుకుని, అప్పుడు వైరు పెట్టండి. చార్జింగ్ అయ్యేలోపు ఆ రోజు తీసిందంతా ఇంకో చోటికి కాపీ చేసుకుంటే, మర్నాడు ఖాళీ కార్డుతో దిగవచ్చు.